కారు సెల్ఫ్ తీసుకోవడం లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇంటి దగ్గరే ఇవి చూడండి

గోదావరి జిల్లాల్లో కారు బ్యాటరీలు ఎక్కువగా షెడ్డులో నిలబడే పోతాయి. రోజువారీ పనులకి బండి ఉంటుంది. చేలోకీ చెరువు గట్టు మీదకీ కారు వెళ్ళదు. పెళ్ళికో, ఆసుపత్రికో, తిరుపతికో తప్ప కారు బయటికి తీయరు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, సంక్రాంతికి వచ్చినప్పుడు తిరగడానికని ఉంచిన కార్లయితే ఏడాదిలో ముప్పాతిక భాగం కవరు కిందే ఉంటాయి. అలాంటి కారు భోగి నాడు పొద్దున్నే తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటుంది. షాపుకి ఫోను చేస్తే కొత్త బ్యాటరీ తెచ్చి బిగించి వెళ్తారు. చిన్న కారుకైనా నాలుగైదు వేలు. పాతది ఎందుకు దిగిపోయిందో చూసే ఓపిక పండగ పూట ఎవరికీ ఉండదు. ఆ కారణం కారులోనే ఉండిపోతే కొత్త బ్యాటరీ కూడా ఉగాది నాటికి అదే దారి పడుతుంది.

దీనికి కావలసిన సరంజామా తక్కువే. మూడు నాలుగొందల్లో దొరికే డిజిటల్ మల్టీమీటరు, పది నంబరు పానా, పాత టూత్ బ్రష్షు, ఉప్పుకాగితం ముక్క, వంటసోడా, కాస్త వాజిలీన్. బానెట్ ఎత్తే ముందు చేతి ఉంగరాలు, కడియం, మెడలో గొలుసు తీసి లోపల పెట్టండి. పానాకీ ఉంగరానికీ మధ్య షార్టయితే బంగారం క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు పోయేంత కాలుస్తుంది. బీడీ, సిగరెట్టు దూరంగా ఉండాలి. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పురవ్వ చాలు పేలడానికి. బ్యాటరీ పక్కలు ఉబ్బినా, పగిలినా, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తున్నా ఈ పనులేవీ చెయ్యకండి. దాన్ని మార్చాల్సిందే.

ముందు చప్పుడు వినండి

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడే సగం సంగతి చెప్పేస్తుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటూ మీటరు బోర్డులో లైట్లు మినుకుమినుకుమంటుంటే బ్యాటరీ దిగిందన్నమాట, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఊరుకుని, హెడ్‌లైట్లు మాత్రం ఏమీ తగ్గకుండా వెలుగుతుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీదకి, దానికి కరెంటు కలిపే స్విచ్ లాంటి సొలినాయిడ్ మీదకి వెళ్ళాలి. అసలు ఏ లైటూ రాకపోతే టెర్మినల్ ఊడిందేమో, మెయిన్ ఫ్యూజు పోయిందేమో చూడాలి. ఆ రెండూ బాగుంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోవడం లేదంటే బ్యాటరీ జోలికి వెళ్ళకండి. అది పెట్రోలు, ఇమ్మొబిలైజర్ (దొంగతాళానికి ఇంజను లేవకుండా ఆపేది), సెన్సారు గొడవ. వరి కోతలయ్యాక చేలల్లోని ఎలకలు షెడ్లలోకి చేరి బానెట్ కింద వైర్లు కొరికేయడం మన వైపు మామూలే, అదీ చూసుకోండి.

బటన్ స్టార్ట్ కార్లకి ఇంకో చిన్న తిరకాసు ఉంది. తాళం రిమోట్‌లోని బిళ్ళ సెల్ (చాలావాటిలో సీఆర్2032) అయిపోయినా కారు పలకదు. క్లచ్చో బ్రేకో పూర్తిగా తొక్కి, రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కి చూడండి. చాలా మోడళ్ళలో అలా స్టార్టవుతుంది. బ్యాటరీ పూర్తిగా పోయి తలుపులే తెరుచుకోకపోతే రిమోట్ లోపల దాచిన ఇనప తాళంచెవి ఉంటుంది, డ్రైవరు తలుపు దానితో తీయొచ్చు.

టెర్మినల్స్: ఉప్పుగాలి పని

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఊళ్ళలో ఈ ఒక్క పనితోనే చాలా కార్లు లేచి కూర్చుంటాయి. ఉప్పుగాలికీ చెమ్మకీ, బ్యాటరీ వదిలే ఆసిడ్ ఆవిరికీ టెర్మినల్ మీద తెల్లగానో, నీలం పచ్చ కలిసిన రంగులోనో చిలుము పేరుకుంటుంది. లైట్లకీ హార్న్‌కీ కావలసిన నాలుగైదు ఆంపియర్లు ఆ చిలుము గుండా ఎలాగో వెళ్ళిపోతాయి. సెల్ఫ్ మోటారుకి చిన్న పెట్రోలు కారులోనే వంద నుంచి రెండొందల ఆంపియర్లు కావాలి, డీజిల్‌కి ఇంకా ఎక్కువ. అంత కరెంటు చిలుము దాటి రాదు. హార్న్ మోగుతోంది కాబట్టి బ్యాటరీ బాగుందనీ, సెల్ఫ్ పోయిందనీ తేల్చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

టెర్మినల్ క్లాంపుని చేత్తో పట్టుకుని మెలిపెట్టండి. ఇసుమంత కదిలినా అది లూజే. విప్పేటప్పుడు ముందు నలుపు, అంటే మైనస్. ఎరుపుతో మొదలుపెడితే పానా రెండో కొస బాడీకి తగిలి మెరుపులు వస్తాయి. బిగించేటప్పుడు దీనికి తిరగేసి: ముందు ఎరుపు, చివర నలుపు.

గ్లాసుడు వేణ్ణీళ్ళలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి, బ్రష్షుతో టెర్మినల్ మీదా క్లాంపు లోపలా రుద్దండి. నురగ వస్తుంది, అది ఆగేదాకా రుద్దాలి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు, లోపలి ఆసిడ్ పాడవుతుంది. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, సీసం తళతళలాడేదాకా ఉప్పుకాగితంతో పాలిష్ పట్టండి. పైన ఎంత శుభ్రంగా ఉన్నా లోపలి అంచున నల్లటి పొర మిగిలితే పని కానట్టే. నట్టు గట్టిగా బిగించాలి గానీ సుత్తితో కొట్టి దింపకూడదు. సీసం మెత్తటిది, పోస్టు కదిలితే బ్యాటరీ పోయినట్టే. వాజిలీన్ బిగించిన తర్వాతే, పైపైన. కూల్‌డ్రింకు పోసి చిలుము వదిలించేవాళ్ళు ఉన్నారు. వదులుతుంది, నిజమే. ఆ పంచదార జిగురుకి చీమలు పుట్ట పెట్టేస్తాయి.

మైనస్ నుంచి బాడీకీ గేరుబాక్సుకీ వెళ్ళే ఎర్త్ వైరు రెండో కొసని చాలామంది చూడరు. వరద నీళ్ళలోనో, రేవు దారిలో ఉప్పునీళ్ళలోనో తిరిగిన కారుకి ఆ బోల్టు దగ్గర తుప్పు ఖాయం. దాన్ని మీటరుతో పట్టుకోవచ్చు. మీటరుని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ముల్లు (మీటరు వైరు చివరి మొన) బ్యాటరీ మైనస్ పోస్టు మీదా ఇంకోటి ఇంజను తాలూకు శుభ్రమైన ఇనుము మీదా ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. సెల్ఫ్ తిరిగే సమయంలో 0.2, 0.3 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే ఆ దారిలో తుప్పుంది, బ్యాటరీ మార్చినా లాభం లేదు.

మీటరు ఏం చెబుతుంది

కారు ఆపి కనీసం మూడు నాలుగు గంటలయ్యాక, తాళం తీసేసి, ఎరుపు ముల్లు ప్లస్ మీదా నలుపు ముల్లు మైనస్ మీదా పెట్టండి. అప్పుడే ఆపిన కారులో అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. తొందరగా ఉంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, ఐదు నిమిషాలు ఆగి చూడండి.

12.6 పైన ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 కిందికి వచ్చిందంటే ఖాళీ. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటీ సుమారు 2.1 వోల్టులు. అందుకే రాత్రంతా ఛార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఒక సెల్ లోపల షార్టయింది. ఇక దానికి ఖర్చు పెట్టకండి.

రెండో పరీక్ష దీనికంటే ముఖ్యం. ముళ్ళు అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. 12.5 చూపించే బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 9.6 కిందికి జారిపోతే దానిలో పస లేదు, పైకి కనిపించే వోల్టేజీ ఉత్తదే. 12 పైనే నిలబడి ఉండి సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీ నిర్దోషి. సొలినాయిడ్, రిలే, ఎర్త్ చూడాలి. ఏడు ఎనిమిదికి పడిపోతే ఛార్జ్ పెట్టి మళ్ళీ పరీక్షించాలి. నిండా ఛార్జయ్యాక కూడా అంతే పడితే బ్యాటరీ పోయింది, లేదా సెల్ఫ్ మోటారు పట్టేసి ఎక్కువ లాగుతోంది.

ఇప్పటికిప్పుడు స్టార్ట్ కావాలంటే

జంపర్ కేబుల్ కొనేటప్పుడు రాగి మందం చూడండి. కనీసం 16 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్ కారుకైతే 25. పైన లావుపాటి ప్లాస్టిక్కు, లోపల వెంట్రుకంత తీగలు ఉండే చవక కేబుళ్ళు వేడెక్కడానికి తప్ప పనికిరావు.

కరెంటు ఇచ్చే బ్యాటరీ 12 వోల్టులదే అయ్యుండాలి. పక్కింటి కారు శ్రేష్ఠం. ట్రాక్టరు చాలావరకూ 12 వోల్టులే, పనికొస్తుంది. లారీ, బస్సు 24 వోల్టులు, వాటి దగ్గరకి వెళ్ళకండి, కారు కంప్యూటరు కాలిపోతుంది. చేపల చెరువు, రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లకి పెట్టిన డీజిల్ జనరేటరు నుంచి తీసుకుందామనుకుంటే ముందు దాని బ్యాటరీలు లెక్కపెట్టండి. రెండు బ్యాటరీలు ఒకదాని ప్లస్ నుంచి ఇంకోదాని మైనస్‌కి కలిపి ఉంటే అదీ 24 వోల్టులే. మోటారు సైకిలు బ్యాటరీ ఐదు నుంచి తొమ్మిది ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) మాత్రమే, దానికి అంత శక్తి ఉండదు.

కేబుళ్ళు పెట్టే వరస ఇది. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండింటికీ హ్యాండ్ బ్రేకు, న్యూట్రల్, అన్ని స్విచ్‌లూ ఆఫ్.

1. ఎరుపు క్లిప్పు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి.
2. ఎరుపు రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి.
3. నలుపు క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కి.
4. నలుపు రెండో కొస దిగిపోయిన కారు ఇంజను మీద, రంగు లేని ఇనుముకి. బ్యాటరీ మైనస్‌కి వద్దు.

నాలుగోది ఎందుకంటే, చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ రావడం సహజం. అది బ్యాటరీ మీద పడకుండా దూరంగా పడాలి. పైగా ఈమధ్య కార్లలో మైనస్ పోస్టు మీద చిన్న సెన్సారు ఉంటుంది, దాని మీద క్లిప్పు పెడితే అది దెబ్బతింటుంది.

మంచి కారు స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేస్తూ ఐదు పది నిమిషాలు ఉంచండి. ఈ ఆగడమే చాలామందికి చేతకాదు. కేబుల్ పెట్టగానే సెల్ఫ్ కొట్టేస్తారు. దిగిపోయిన బ్యాటరీకి కాస్త ఊపిరి రావాలి. తర్వాత సెల్ఫ్ ఐదు సెకన్లకి మించి కొట్టొద్దు, ఒక్కో ప్రయత్నానికీ మధ్య అర నిమిషం పైన విరామం ఇవ్వాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు చుట్ట కాలుతుంది. టక్కుమని ఆగిపోతుంటే క్లిప్పులు గట్టిగా కొరుక్కునేలా తిప్పి పెట్టండి. స్టార్టయ్యాక బ్లోయరు ఆన్ చేసి ఉంచి, పెట్టిన వరసకి తిరగేసి ఒక్కో క్లిప్పూ తీయండి. క్లిప్పు తీసేటప్పుడు వోల్టేజీ ఒక్కసారి ఎగిరే ప్రమాదం ఉంది, దాన్ని బ్లోయరు మింగుతుంది.

పక్కన కారు లేకపోతే, ఇంట్లో ఇన్వర్టరుకి ఒక్కటే 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే దాన్ని వాడుకోవచ్చు. ఇన్వర్టరు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, బ్యాటరీ నుంచి ఇన్వర్టరు వైర్లు విప్పేయాలి. ట్రాలీతో వసారాలోకి లాగి కారుని దగ్గరకి తెచ్చుకుని పై వరసలోనే కలపండి. ఇందులో స్టార్ట్ చేసే ఇంజను లేదు కాబట్టి పదిహేను నిమిషాలు ఊరికే కలిపి ఉంచి తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఇన్వర్టరుకి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ కరెంటు నెమ్మదిగా ఇచ్చే రకం, చిన్న పెట్రోలు కార్లకి సరిపోతుంది, పెద్ద డీజిల్ బండిని లేపుతుందని ఆశ పెట్టుకోకండి. రెండు బ్యాటరీల ఇన్వర్టరయితే ఒక్క బ్యాటరీ నుంచే తీసుకోవాలి, రెండింటి చివర్ల నుంచి తీస్తే 24 అవుతుంది. దీనికి ఎదురు పని కూడా చేస్తుంటారు, కారు బ్యాటరీని ఇన్వర్టరుకి తగిలించి ఛార్జ్ చేయడం. అది వద్దు. ఇన్వర్టరు పది పదిహేను ఆంపియర్లు తోస్తుంది, 35 ఏహెచ్ బ్యాటరీ మరిగిపోతుంది.

తోసి స్టార్ట్ చేయడం గేర్లు చేత్తో మార్చే కార్లకే. ఆటోమేటిక్, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనంతట మారే) కార్లు తోస్తే లేవవు. ఇగ్నిషన్ ఆన్, క్లచ్ తొక్కి రెండో గేరు, కారు పరుగు అందుకోగానే క్లచ్ ఠక్కున వదిలి మళ్ళీ తొక్కాలి. ఇంజను ఆగి ఉన్నంతసేపూ బ్రేకు బండలా ఉంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. అందుకని కాలవ గట్టు మీద ఈ విద్య ప్రదర్శించకండి. పక్కన కాలవ ఉన్న సంగతి తోసేవాళ్ళకి కనిపించదు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే తోసినా ప్రయోజనం లేదు. ఇంజను కంప్యూటరుకీ పెట్రోలు పంపుకీ కాస్తయినా కరెంటు ఉండాలి.

వరద నీరు సీట్ల దాకా వచ్చిన కారుని ఈ పద్ధతుల్లో దేనితోనూ స్టార్ట్ చేయొద్దు. మైనస్ విప్పేసి, మెకానిక్ వచ్చి ఇంజనులో నీళ్ళు లేవని చూసేదాకా తాళం ముట్టుకోకండి.

స్టార్టయ్యాక అసలు పని

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగుంది. 12.5 దగ్గరే ఉండి, రేజ్ చేసినా కదలకపోతే డైనమో గానీ బెల్టు గానీ ఫ్యూజు గానీ చూడాలి. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, అది బ్యాటరీని ఉడకబెడుతోంది. కొత్త కార్లలో డైనమోని కంప్యూటరు నడుపుతుంది, పెట్రోలు ఆదా కోసం కాసేపు 12.8 దగ్గర కూడా ఉంచుతుంది. హెడ్‌లైట్లూ బ్లోయరూ వేస్తే పైకి వస్తే అది లోపం కాదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో పరీక్షించే పాత అలవాటు ఒకటుంది. అంబాసిడర్ రోజుల్లో చెల్లింది గానీ ఇప్పటి కారులో ఆ ఒక్క పీకుడుకి కంప్యూటరు పోతుంది.

డైనమో బాగున్నంత మాత్రాన గంటసేపు నడిపితే బ్యాటరీ నిండదు. డైనమో ఉన్నది వాడిన కాస్త కరెంటు తిరిగి పెట్టడానికి, ఖాళీ బ్యాటరీని నింపడానికి కాదు. అందుకే మంచి పని ఛార్జరు. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు ఆంపియర్లు పెట్టాలి. 35 ఏహెచ్‌కి మూడున్నర, డీజిల్ బండి 65 ఏహెచ్‌కి ఆరున్నర. పదీ పన్నెండు గంటలు పడుతుంది. మైనస్ విప్పి, గాలాడే చోట పెట్టండి. వంటగదిలోనూ, మూసిన షెడ్డులోనూ వద్దు. ముందు క్లిప్పులు, తర్వాత ప్లగ్గు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు. తనంతట తాను ఆగిపోయే రకం ఛార్జరయితే రాత్రి పెట్టి నిద్రపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ రకమైతే గంట గంటకీ బ్యాటరీ మీద చెయ్యి వేసి చూడాలి. చెయ్యి ఆనలేనంత వేడెక్కితే ఆపాలి. మరీ ఖాళీ అయిన బ్యాటరీని చూసి ఆటోమేటిక్ ఛార్జరు అసలు మొదలుపెట్టకపోవచ్చు. అప్పుడు జంపర్ కేబుల్‌తో మంచి బ్యాటరీని కాసేపు కలిపి ఉంచి వోల్టేజీ కొంచెం లేపితే అందుకుంటుంది.

మూతలు ఊడే బ్యాటరీ అయితే నీళ్ళు చూడండి. ఎండాకాలంలో మన దగ్గర నీరు తొందరగా ఇగిరిపోతుంది. ప్లేట్లు బయటపడితే ఆ భాగం మళ్ళీ పని చేయదు. ప్లేట్లు మునిగేంత వరకూ ముందు పోసి, ఛార్జయ్యాక పై గీత దాకా నింపాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు, పంచాయతీ నీళ్ళు వద్దు. తీరం వైపు బోర్లలో ఉప్పు ఉంటుంది, ఆ క్లోరైడు సీసాన్ని తినేస్తుంది. తాగే క్యాన్ నీళ్ళు కూడా డిస్టిల్డ్ కాదు. ఆసిడ్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు, ఇగిరిపోయేది నీరే. ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ఉంటే ఆరు సెల్స్‌లోనూ చూడండి. అంకె ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది గానీ ఏదో ఒక సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పని అయిపోయింది.

దొంగ కరెంటు ఎక్కడ పోతోంది

నిండా ఛార్జ్ చేసి పెట్టిన బ్యాటరీ మూడు నాలుగు రోజులకే దిగిపోతుంటే కారులో ఏదో కరెంటు తాగుతోంది. తాళం తీసినా గడియారం, అలారం, కంప్యూటరు జ్ఞాపకం కోసం కొంచెం కరెంటు పోవడం మామూలే. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఆ యాభై అయినా రోజుకి 1.2 ఏహెచ్. అంటే 35 ఏహెచ్ బ్యాటరీ పదిహేను రోజులకి సగం, నెలకి ఖాళీ. డిక్కీలో ఆరని 5 వాట్ల బల్బు ఒక్కటి చాలు, రోజుకి 10 ఏహెచ్ లాగి నాలుగో రోజుకి కారుని పడుకోబెడుతుంది.

పట్టుకునే తీరు ఇలా. బానెట్ తెరిచి ఉంచి, తలుపులు మూసి, తాళం రిమోట్‌ని ఇంట్లో దూరంగా పెట్టండి. మీటరులో ఎరుపు వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నాబ్ కూడా 10ఏ మీద పెట్టండి. మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీ మైనస్ పోస్టుకీ మధ్య మీటరుని కలపండి. మొదట అర ఆంపియరో, రెండు ఆంపియర్లో చూపించవచ్చు, కంగారు వద్దు. కారు కంప్యూటర్లు నిద్రపోవడానికి ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత వచ్చే అంకె చూడాలి. మీటరు మధ్యలో ఉండగా తలుపు తెరవడం, తాళం తిప్పడం చేస్తే మీటరు ఫ్యూజు పోతుంది, చవక మీటర్లలో అసలు ఫ్యూజే ఉండదు, మీటరే పోతుంది. పని అయ్యాక ఎరుపు వైరు తిరిగి వోల్టుల రంధ్రంలో పెట్టడం మరిచిపోవద్దు. మరిచిపోయి అదే మీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడబోతే షార్టే.

అంకె 0.05 దాటి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ చూడండి. ఏ ఫ్యూజు పీకితే అంకె ఒక్కసారి దిగుతుందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. డ్రైవరు తలుపు తెరిస్తేనే అందే ఫ్యూజు బాక్సులో ఫ్యూజులు పీకాలంటే, ముందే తలుపు తెరిచి దాని గొళ్ళేన్ని స్క్రూ డ్రైవరుతో మూసినట్టు నొక్కి పెట్టుకోండి, లేకపోతే తలుపు తెరిచిన ప్రతిసారీ కారు మేలుకుంటుంది. ఫ్యూజులు చూసే ముందే అనుమానించాల్సినవి కొన్ని ఉన్నాయి: బయట షాపులో పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, యాంప్లిఫయరు, డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు, రంగు లైట్లు. ఇవి తాళంతో ఆరే లైనుకి కాకుండా నేరుగా బ్యాటరీ లైనుకి కలిపితే రాత్రీ పగలూ తాగుతూనే ఉంటాయి. డిక్కీ, డ్యాష్‌బోర్డు అర లైట్లు మూసినా ఆరుతున్నాయో లేదో తెలియాలంటే లోపల ఫోను వీడియో ఆన్ చేసి పెట్టి మూత వేసి చూడండి.

తీయని కారుకి

రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచడం బ్యాటరీకి మేలు కాదు. స్టార్ట్ చేయడానికి వాడిందే ఐడిలింగ్‌లో సరిగ్గా తిరిగి రాదు, ఏసీ కూడా వేస్తే మరీ. పాలకొల్లు నుంచి నరసాపురం పది కిలోమీటర్లు, రాత్రిపూట లైట్లతో వెళ్ళి వస్తే బ్యాటరీకి మిగిలేది చాలా కొద్దే. వారానికోసారి అమలాపురం నుంచి రావులపాలెం లాంటి ముప్పై కిలోమీటర్ల దారి పగటి పూట నడిపితే నయం. నెలల తరబడి తీయకపోతే నిండా ఛార్జ్ చేసి మైనస్ విప్పి ఉంచండి. తలుపులకి రిమోట్ పని చేయదు, తాళంచెవితోనే వేయాలి. ఇలా విప్పినా బ్యాటరీ దానంతటదే కొద్దికొద్దిగా తగ్గుతుంది, రెండు నెలలకోసారి మీటరు పెట్టి 12.4 కి వస్తే ఛార్జ్ పెట్టండి. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పట్టదు. సంక్రాంతి కార్ల బ్యాటరీలు రెండేళ్ళకే పోవడానికి కారణం ఇదే.

మార్చాలనే తేలితే

మూడు నాలుగేళ్ళు నడిచిన బ్యాటరీ నిండా ఛార్జ్ అయ్యాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే మార్చేయండి. పాతదాని మీద ఉన్న నంబరు ఫోటో తీసుకుని వెళ్ళండి. 38బీ20ఎల్ అంటే చివరి అక్షరం టెర్మినల్ ఏ పక్కో చెబుతుంది. ఎల్ బదులు ఆర్ తెస్తే వైర్లు అందవు, లాగి తగిలిస్తే ప్లస్ మైనస్ తారుమారయ్యే ప్రమాదం. సిగ్నల్ దగ్గర తనంతట ఆగి లేచే కారుకి మామూలు బ్యాటరీ పెట్టకూడదు, దానికి మాటిమాటికీ స్టార్టవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే కావాలి. తయారైన తేదీ చూడండి, షాపులో ఆరు నెలలు నిలబడింది వద్దు. అక్కడే మీటరు పెట్టమనండి, 12.5 తగ్గితే ఇంకోటి ఇవ్వమనండి. వారంటీ కార్డులో తేదీ, ముద్ర పడ్డాకే డబ్బులు. పాత బ్యాటరీని పాతసామాన్ల బండికి వేయకుండా షాపుకే ఇవ్వండి, సీసానికి ధర కట్టి తగ్గిస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.

బిగించేటప్పుడు అడుగున పట్టీ బోల్టు వేశారో లేదో చేత్తో కదిపి చూడండి. మన గతుకుల రోడ్ల మీద పట్టీ లేని బ్యాటరీ ఊగి ఊగి లోపల ప్లేట్లు రాలుతాయి. కొత్తది పెట్టాక డ్రైవరు అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్ళకపోతే ఏదో పాడైందని భయపడొద్దు. స్విచ్ పైకి లాగి అద్దం పూర్తిగా మూసుకున్నాక ఇంకో రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో మళ్ళీ గుర్తు తెచ్చుకుంటుంది. గడియారం, రేడియో స్టేషన్లు మీరే పెట్టుకోవాలి.